విడిపోయే ముందు అప్పుల లెక్క తేల్చండి

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు ప్రాంతాల అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, తగువులు తీర్చే పెద్దలకు విన్నపం

బ్యాంకు కౌంటరు వెనకాల ముప్పై ఏళ్లకు పైగా కూర్చున్నదాన్ని. రిటైరయ్యాక కూడా మరిచిపోలేని మనిషి ఒకామె ఉంది. ఏడేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. వచ్చాక భర్తతో పొసగలేదు. పెద్దమనుషులు కూర్చుని తగువు తీర్చారు. పుట్టింటివాళ్లు పెట్టిన మంచం, బీరువా, గిన్నెలు వెనక్కి ఇప్పించారు. ఆరు కాసుల బంగారంలో నాలుగు కాసులు తిరిగొచ్చాయి. కాగితం రాయించి, ఇక ఒకరితో ఒకరికి సంబంధం లేదన్నారు.

మూడేళ్ల తర్వాత ఆ నాలుగు కాసుల మీద అప్పు తీసుకుందామని ఆమె మా బ్యాంకుకి వచ్చింది. పేరు కొట్టి చూస్తే, రొయ్యల చెరువు కోసం ఆయన తీసుకున్న అప్పుకి ఆమె హామీదారు. చెరువు పోయింది, అప్పు వడ్డీతో పెరిగి కూర్చుంది. "మాకు తెగిపోయిందండీ. ఆ కాగితం ఇంటికాడ ఉందండీ, తెమ్మంటే ఇప్పుడే తెచ్చేస్తాను" అంది. ఆ కాగితం బ్యాంకు దగ్గర చెల్లదని ఆమెకు చెప్పాల్సి వచ్చింది నేనే. ఆ రోజు అంతకు మించి ఏం చెప్పాలో నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ కాగితం ఎందుకు చెల్లదంటే, దాని మీద అప్పిచ్చినవాడి సంతకం లేదు గనుక. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరు కలిసి తీరుస్తామని రాసిన అప్పుని ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడు ఎంతకి బాధ్యుడో హామీదారూ అంతకీ బాధ్యుడే. "అప్పు ఆయనే కట్టుకుంటాడు" అని భార్యాభర్తలు రాసుకున్నా, ఊరంతా సాక్షి సంతకాలు పెట్టినా, కోర్టు రాజీ పత్రంలోకే ఎక్కినా, అప్పిచ్చినవాడు ఒప్పుకోకపోతే ఆ మాట అతన్ని కట్టడి చేయదు. డబ్బు కట్టినవాళ్లు తర్వాత రెండోవాళ్ల మీద దావా వేసుకోవచ్చు. కానీ లేసు అల్లుకుని బతికే మనిషికి దావా ఖర్చులు ఎక్కడివి?

అందుకే నేను కోరేది ఒకటే. విడిపోయే కాగితంతో పాటు అప్పుల కాగితం కూడా రాయాలి, ఆ రెండో కాగితం రాసేటప్పుడు అప్పిచ్చినవాడు కూడా ఎదురుగా కూర్చోవాలి. బంధం తెగిందన్న మాట ఆ తర్వాతే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనేశ్ వర్సెస్ నేహా కేసులో, మనోవర్తి అడిగే ప్రతి కేసులోనూ భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయాలు, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌లో చూపించాలని చెప్పి, దాని నమూనా కూడా ఇచ్చింది. ఆ నమూనా మనోవర్తికే ఎందుకు ఆగిపోవాలి? పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లూ నింపాలి. పెద్దమనుషుల దగ్గర తేల్చుకునేవాళ్లూ నింపాలి. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది. ఇక కలిసే ఆశ లేదని తేలితే ఆ గడువుని కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. అయితే గడువు తగ్గించే ముందు అప్పుల సంగతి ఏమైందని జడ్జిగారు ఒక్క మాట అడిగితే ఎన్ని కొంపలు నిలబడతాయో!

అప్పిచ్చినవాడిని కూర్చోబెట్టడానికి చోటు కూడా ఉంది. లోక్ అదాలత్‌లో కేసు వేయకముందే రాజీ కుదుర్చుకోవచ్చు. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. బ్యాంకులు ఎలాగూ మొండి బకాయిల కోసం లోక్ అదాలత్‌కి వస్తాయి. విడిపోతున్న దంపతుల కేసునీ వాళ్ల అప్పునీ ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టమని అడుగుతున్నాను.

మన గోదావరి తీరంలో ఈ చిక్కులు ఎన్ని రకాలో చూడండి.

ప్రోనోటు సంగతి. ఫీడు కొట్టువాడికో, ఫైనాన్సు ఇచ్చే పెద్దాయనకో ఇద్దరూ సంతకాలు పెడతారు. మామూలుగా మూడేళ్లకు గడువు తీరుతుంది. మధ్యలో కొంత కట్టి వెనకవైపు చెల్లు వేసి సంతకం పెడితే గడువు మళ్లీ మొదలవుతుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. లిమిటేషన్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కలిసి అప్పు రాసినవాళ్లలో ఒకరు చెల్లు వేసినంత మాత్రాన రెండోవాళ్లకు గడువు పెరగదు. విడిపోయాక ఆయన చెల్లు వేసుకుంటే అది ఆయనకే. "మీ ఆయన చెల్లు వేశాడు, నువ్వూ ఓ సంతకం పెట్టు" అని నోటు పట్టుకుని ఎవరైనా వస్తే, వకీలుకి చూపించకుండా పెన్ను ముట్టుకోకండి.

డ్వాక్రా సంగతి. అప్పు ఆమె పేరున. డబ్బు మోటారు సైకిలుగా మారి అతనితో వెళ్లిపోయింది. నెల వాయిదా ఆగితే సంఘంలో మిగతావాళ్లు వచ్చి నిలబడేది ఆమె గుమ్మం ముందే. తప్పు వాళ్లదీ కాదు, వాళ్ల పొదుపూ అందులోనే ఉంది. తగువు తీర్చే పెద్దలు మంచాలు, గిన్నెలు లెక్కపెడుతూ ఈ అప్పుని ఎందుకు వదిలేస్తారు?

బంగారం. భార్య నగలు భర్త పేరున తాకట్టులో ఉంటాయి, రసీదు ఆయన జేబులో ఉంటుంది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన సొత్తు భర్త చేతిలో ఉన్నా అది ఆమెదేనని, తిరిగివ్వకపోతే నేరమని 1985లోనే ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వేలం నోటీసు వెళ్లేది రసీదులో పేరున్నవాడికి. ఆమెకు తెలిసేసరికి నగలు కరిగిపోయి ఉంటాయి. గృహహింస చట్టం 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఆస్తుల అమ్మకాన్ని, జాయింటు ఖాతా, లాకరు వాడకాన్ని ఆపించగలరు. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా కాపురం చేసిన ఆడవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. కానీ ఆ ఉత్తర్వు నగలు ఉండగానే తెచ్చుకోవాలి.

ఇక అన్నిటికన్నా నా మనసుని కలచివేసేది గల్ఫు డబ్బుతో కట్టిన ఇల్లు. భార్య కువైట్‌లోనో, మస్కట్‌లోనో పనిచేసి పంపుతుంది. స్థలం అత్తగారిది. ఆ స్థలంలో శ్లాబు వేస్తారు, టైల్సు పరుస్తారు. విడిపోయే రోజున ఆ ఇల్లు అత్తగారి దస్తావేజులోదే. స్థలం భర్త పేరున కొని ఉంటే మాత్రం కొంత ఆశ ఉంది. లెక్కకు దొరికే సొంత డబ్బుతో జీవిత భాగస్వామి పేరున కొన్న ఆస్తిని బినామీ చట్టం బినామీ అనదు. డబ్బు నాదని రుజువు చేసుకుని హక్కు అడగవచ్చు. ఆ రుజువు ఎక్స్‌ఛేంజి రసీదులే. అమ్మా, ఆ చిన్న కాగితాలు పారేయకండి. ఫోనులో ఫొటో తీసి అక్కచెల్లెళ్లకు పంపి ఉంచండి.

మగవాళ్ల బాధ కూడా నేను చూశాను. ఇళ్ల పట్టా భార్య పేరున వస్తుంది, ఇల్లు కట్టడానికి చేసిన అప్పు భర్త పేరున ఉంటుంది. విడిపోయాక ఆయన అద్దె కొంపలో ఉంటూ ఆ ఇంటి వాయిదాలు కడుతుంటాడు. అదీ అన్యాయమే. నేను ఆడవాళ్ల పక్షాన రాస్తున్నా, లెక్క మాత్రం ఇద్దరికీ సమానంగా రాయమంటున్నాను.

మన చట్టాల్లో లోటు ఎక్కడుందో కూడా చెప్పాలి. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడు వల్ల, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే, దంపతుల ఆస్తి ఉమ్మడిది. మనకు ఎవరి పేరున ఉంటే వారిదే. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల దగ్గరే ఆగిపోతుంది. కాపురంలో సంపాదించిన దాని గురించి అందులో మాట లేదు, అప్పుల ఊసే లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. మరుసటి ఏడు లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది.

ఈ లోటు నరసాపురానికి తగిలినంత గట్టిగా ఇంకే ఊరికీ తగలదేమో. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేశారు. విదేశాలకు వెళ్లే సరుకు తయారుచేసే మనిషిని 'ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఇల్లాలు'గా లెక్కగట్టడం వల్లే ఆమె కష్టం లెక్కలోకి రావడం లేదని మీస్ చూపించారు. 2024లో మన లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకు మాత్రం విడాకుల లెక్కలో ఇంకా గుర్తింపు లేదు. మా అమ్మ దీపం వెలుగులో లేసు అల్లి మా ఫీజులు కట్టింది. ఆ డబ్బు ఏ ఖాతాలోనూ పడలేదు. ఆమె ఏ కోర్టుకైనా వెళ్లి ఉంటే ఏ కాగితం చూపించేది?

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు సౌదీలో పనిచేసిన భర్తకూ, ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకున్న భార్యకూ నడిచిన వివాదంలో, ఆమె ఇంటి చాకిరీ కూడా సంపాదనకు తోడ్పాటే, ఆస్తిలో సమాన వాటా ఉందని తీర్పిచ్చింది. ఆ న్యాయాన్ని మన రాష్ట్రం చట్టంగా రాయవచ్చు. పెళ్లి, విడాకులు, ఉమ్మడి కుటుంబ ఆస్తి రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ ఢిల్లీ కోసం ఎదురుచూడలేదు. 1985 సెప్టెంబరు నుంచే ఇచ్చింది, కేంద్రం 2005లో మన దారికి వచ్చింది. భార్యల విషయంలో కూడా ఆ చొరవే చూపించమని మన శాసనసభ్యుల్ని అడుగుదాం. కాపురంలో కూడిన ఆస్తిలో ఇద్దరికీ వాటా, కుటుంబం కోసం చేసిన అప్పులో ఇద్దరికీ భారం, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన అప్పు చేసినవారికే.

బ్యాంకుల్ని కూడా ఒకటి అడగాలి. ఇది నా పాత ఉద్యోగం మీద గౌరవంతోనే అంటున్నాను. విడిపోయామని ఇద్దరిలో ఒకరు రాతపూర్వకంగా చెప్పిన రోజు నుంచి, జాయింటు అప్పులో ఇంకా తీసుకోగల సొమ్ము ఉంటే రెండు సంతకాలు లేకుండా ఇవ్వకూడదు. ఒకరిని తప్పించడానికి వీలవుతుందో లేదో నెలలోపు కాగితం మీద జవాబు ఇవ్వాలి. కుదరదంటే ఎందుకు కుదరదో, ఇంకెంత కడితే కుదురుతుందో రాయాలి. చట్టం మారేదాకా ఆగక్కర్లేదు, బ్రాంచి మేనేజరు తలచుకుంటే ఈ జవాబు ఇవ్వగలరు.

ఈ కాగితం వెనకవైపు ఖాళీగా వదిలాను. అటు మీ ఇంటి అప్పులు రాసుకోండి: ఎవరి పేరున, ఎవరి హామీ, దేనికోసం, ఇంకా ఎంత. ఇల్లు, స్థలం, చెరువు లీజు, తాకట్టు రసీదులు ఎవరి పేరున ఉన్నాయో వాటి కింద రాయండి. సఖ్యంగా ఉన్న దంపతులే ముందు రాసుకోవాలి, ఈ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరూ కూర్చుని.