పెన్షను సిపాయి హోదా

సైన్యమునుండి విరమించి యింటికి వచ్చినవానిని మన పల్లెలలో పేరు పెట్టి పిలుచుట అరుదు. హవల్దారుగారనియో, సుబేదారుగారనియో పిలుతురు. ఏ హోదాయో తెలియనివారు 'మిలిటరీ ఆయన' అని ఊరుకొందురు. ఊరివారికి ఆ మాట మర్యాదకు సంబంధించినది. ప్రభుత్వపు పుస్తకములో అదే మాట డబ్బుకు సంబంధించినది. నాయక్ అని వ్రాసినచోట ఒక పెన్షను, హవల్దారు అని వ్రాసినచోట వేరొక పెన్షను. అక్కడ గుమాస్తా కలము పొరబడినచో, ఇరువది యేండ్లు సరిహద్దులలో కాలము గడిపినవాడు తాను ఎక్కిన మెట్టుకు ఒక మెట్టు క్రిందనే శేషజీవితమును వెళ్లబుచ్చవలసి వచ్చును. ఆయన కాలము చేసిన పిదప ఆ పొరపాటు ఆయన భార్యకు సంక్రమించును. సామాన్య కుటుంబ పెన్షను తుది జీతములో నూటికి 30 వంతులు గదా. తుది జీతమే తక్కువగా వ్రాయబడినప్పుడు ఆ 30 వంతులును తక్కువే యగును.

ఈ విషయమును మేము పావగడ తాలూకాను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. తుమకూరు జిల్లాలోని యీ తాలూకాను పటములో చూచినవారికి దాని స్థితి వెంటనే బోధపడును. చుట్టును చాలవరకు ఆంధ్ర భూమియే. చళ్లకెర వైపుననే అది తక్కిన కర్ణాటకముతో అంటుకొనియున్నది. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల యెల్లలు మార్చినప్పుడు గూడ యీ తాలూకా మైసూరు రాష్ట్రమునందే యుండిపోయినది. ఇండ్లలో తెలుగు, కచేరీలో కన్నడము, సైన్యములో హిందీ, రికార్డులలో ఇంగ్లీషు. ఒక్క మనుష్యుని జీవితము నాలుగు భాషలలో వ్రాయబడుచున్నది. ఆ నాలుగింటిలో ఆయన స్వయముగా చదివి సరిచూచుకొనగలిగినవి ఎన్ని? నేల చూతమా, వానను నమ్ముకొన్న వేరుసెనగ నేల. నీరు చూతమా, ఫ్లోరైడు దోషమునకు పేరుపడిన నీరు. ఇట్టి చోట నెలనెలకు తప్పక వచ్చు పెన్షను ఒక కుటుంబమునకు ఎంతటి ఆధారమో వేరుగ చెప్పనక్కరలేదు.

తెలుగువారికి సిపాయి వృత్తి నిన్న మొన్నటిది కాదు. కుంపిణీ కాలములో తెలుగుదేశమునుండి వెళ్లిన సిపాయిలను బట్టియే ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' అను పేరు వచ్చినది. మైసూరు సంస్థానపు అశ్వదళము 1918 సెప్టెంబరు 23వ తేదీన హైఫా యుద్ధములో పాల్గొన్నది. మైసూరు, హైదరాబాదు, జోధపురము దళముల స్మారకముగా ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహములు నేటికిని నిలిచియున్నవి. రాతి సిపాయికి మర్యాద లోపము జరుగుట లేదు. లోపము జరుగుచున్నది కాగితము మీది సిపాయికి.

పొరపాటు ఎట్లు పుట్టునో కొంచెము వివరింపవలసియున్నది. సైనికునికి పదోన్నతి కలిగినప్పుడు పటాలమువారు పార్ట్ టూ ఆర్డరు అను ఉత్తరువును ప్రకటింతురు. అది రికార్డు ఆఫీసునకు చేరి, ఆయన షీట్ రోల్‌లో ఎక్కవలయును. పెండ్లియు, బిడ్డల జననమును సైతము ఇట్లే ఎక్కును. విరమణకు కొలది నెలల ముందు పదోన్నతి వచ్చినవాని విషయమున ఆ ఉత్తరువు ఒకదారిని, పెన్షను కాగితములు మరియొకదారిని పోవుటకు అవకాశము గలదు. అప్పుడు పెన్షను పత్రముపై పాత హోదాయే అచ్చగును. 2006వ సంవత్సరమునకు పూర్వము విరమించినవారికి మరియొక చిక్కు గూడ నుండెను. తుది హోదాలో 10 నెలలైనను పనిచేసియున్నగాని ఆ హోదా పెన్షను రాదను నియమము వారికి వర్తించెను. పదోన్నతి తేదీని ఒక నెల ముందు వెనుకలుగా వ్రాసినను ఫలము తారుమారగునన్నమాట.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు జీతమునకును హోదాకును గల భేదమువలన కలుగుచున్నది. ఖాళీలు లేక పదోన్నతి రానివారికి 8, 16, 24 సంవత్సరముల సేవ పూర్తియైనపుడు పై మెట్టు జీతము నిచ్చు పద్ధతి యున్నది. జీతము హవల్దారుది, భుజముమీది గుర్తు నాయక్‌ది. ఇది సైనికునికే సరిగా బోధపడని భేదము. అంకెలను ఎక్కించు గుమాస్తాకు ఎల్లప్పుడును బోధపడునని ఎట్లు నమ్మగలము? గౌరవ హోదాలు మరియొక తెగ. మంచి సేవ చేసిన హవల్దారులకు విరమణ సమయమున గౌరవ నాయిబ్ సుబేదారు హోదా నొసగుదురు. 2006 జనవరి 1వ తేదీ తరువాత విరమించినవారికి ఆ హోదానుబట్టి పెన్షను హెచ్చించుచు 2009లో ఉత్తరువు వెలువడినది. అంతకు ముందు విరమించినవారికి ఆ లాభము లేకపోయెను. సైనిక ట్రిబ్యునలు చండీగఢ్ పీఠము 2010లో వారికిని అది చెందవలసినదేయని తీర్పు చెప్పినది. ఒకే గౌరవము పొందినవారిలో ఒకనికి డబ్బు, మరియొకనికి ఉత్త బిరుదు దక్కుట న్యాయము కాదని చెప్పుటకు ఒక న్యాయస్థానము కావలసి వచ్చినది. పాత పుస్తకములలో 'జమేదారు' అని యున్నవారి మాట వేరే యున్నది. 1965 ప్రాంతమున ఆ పేరు తీసివేసి నాయిబ్ సుబేదారు అని మార్చిరి. తాతగారి డిశ్చార్జి పుస్తకములో జమేదారు అను మాటను చూచి, అది రెవెన్యూ కచేరీ జమేదారు వంటి చిన్న యుద్యోగమని మనుమలు తలచుటలో తప్పు లేదు.

'ఒకే హోదా, ఒకే పెన్షను' అను విధానమును 2014 జూలై 1వ తేదీనుండి వర్తించునట్లు 2015 నవంబరు 7వ తేదీన ప్రభుత్వము ప్రకటించినది. సమానమైన హోదాలో సమానమైన కాలము సేవచేసినవారికి, ఎప్పుడు విరమించినను, సమానమైన పెన్షను రావలెననుట దాని సారము. అయిదేండ్ల కొకసారి తిరిగి లెక్క కట్టుట దానిలోని యేర్పాటు. విధానమును మేము సంపూర్ణముగ ఆమోదించుచున్నాము. కాని హోదాయే పునాదియైనపుడు, పునాదిలోని తప్పు ప్రతి యంతస్తునందును కనిపించును. పూర్వము పది రూపాయల తేడాగా నున్నది, లెక్క తిరిగినప్పుడెల్ల పెరుగుచు పోవును. దీనికి తోడు 2021 తరువాత పాత పెన్షనుదారుల లెక్కలను బ్యాంకులనుండి తీసి 'స్పర్శ్' అను కంప్యూటరు వ్యవస్థలోనికి మార్చిరి. పేరులో ఒక అక్షరము, పుట్టిన తేదీలో ఒక అంకె, హోదాలో ఒక మెట్టు సరిపడక చిక్కులు పడిన వృద్ధులు పలువురు. యంత్రమునకు మేము విరోధులము కాము. యంత్రము చెప్పినదే వేదమనువారికి మాత్రము విరోధులమే.

ఇక దిద్దుబాటునకు పోవలసిన దారి యెట్టిదో చూడుడు. పావగడ సైనికుడు మద్రాసు సాపర్లలో నుండినచో ఆయన రికార్డులు బెంగుళూరులో నుండును. ఫిరంగి దళమువాడైనచో నాసిక్ రోడ్డులో, మద్రాసు రెజిమెంటువాడైనచో వెల్లింగ్టనులో, ఇ.ఎం.ఇ. వాడైనచో సికింద్రాబాదులో. ఆ ఆఫీసువారు పాత పుస్తకములు చూచి, పొరపాటు నిజమని తేల్చి, ప్రయాగరాజ్‌లోని పెన్షను కంట్రోలరునకు వ్రాయవలయును. అక్కడ సవరణ పత్రము పుట్టవలయును. ఒక్కొక్క మజిలీలో ఉత్తరము ఎంతకాలము విశ్రమించునో చెప్పుటకు జ్యోతిష్కులే తగుదురు. ఏ మజిలీలోను ఉత్తరము పలుకకున్నచో శరణ్యము సైనిక ట్రిబ్యునలు. 2007నాటి చట్టముచేత ఏర్పడి, 2009లో పనిచేయ నారంభించిన ఈ న్యాయస్థానమున కర్ణాటకము కొచ్చి పీఠమునకు చెందినది. ఆంధ్రదేశము చెన్నపట్టణపు పీఠమునకు చెందినది. కనుక గట్టుకు ఇవతలనున్న మడకశిర సైనికుడును, అవతలనున్న పావగడ సైనికుడును ఒకే పటాలములో పనిచేసి, ఒకే తప్పునకు గురియైనను, ఒకనికి దారి తూర్పు సముద్రము వైపునకు, మరియొకనికి పడమటి సముద్రము వైపునకు!

ఆలస్యమునకు మూల్యము చెల్లించువా రెవరు? పెన్షనులోని తప్పు నెలనెలకు కొత్తగా జరుగు తప్పేనని, ఎంత ఆలస్యముగ వచ్చినను దానిని సవరింపవచ్చునని సుప్రీంకోర్టు తర్సేంసింగు వ్యాజ్యములో 2008లో చెప్పినది. కాని వెనుకటి బాకీ మాత్రము దావా వేయుటకు ముందటి మూడేండ్లకే పరిమితము గావించినది. ఆయన సైన్యము విడిచినది 1983లో, కోర్టుకెక్కినది 1999లో. న్యాయశాస్త్రరీత్యా యీ తీర్పును మేము ఆక్షేపింపజాలము. తన హక్కును మరచి నిద్రించినవానికి ఎల్లకాలపు బాకీని ఇప్పించుట కష్టమే. అయితే తన పత్రములో తప్పున్నదని తెలియనివానిని, తెలిసి పదేండ్లు ఉత్తరములు వ్రాసి వేసారినవానిని నిద్రించినవాడనుట ఎట్లు? ప్రభుత్వము తాను ఎక్కువ చెల్లించితినని కనుగొన్నప్పుడు మాత్రము మేల్కొనియే యుండును. విరమించిన చిన్న యుద్యోగులనుండి అట్టి సొమ్మును తిరిగి గుంజుకొనరాదని 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు కట్టడి చేయవలసి వచ్చుటయే దీనికి సాక్ష్యము.

ప్రభుత్వ పక్షమునను చెప్పదగినది కలదు. హోదా అడిగినవాని కెల్ల ఇచ్చునది కాదు. తాత్కాలికముగ హవల్దారు పని చూచినవాడు హవల్దారు కాడు. తనకు పదోన్నతి రాకపోవుట అన్యాయమనువాని వాదము వేరు, వచ్చిన పదోన్నతిని పుస్తకములో ఎక్కింపలేదనువాని వాదము వేరు; మొదటిదానిని రికార్డు సవరణ పేరున దొడ్డిదారిని తెచ్చువారును ఉందురు. అధికారులు ఆధారము కోరుట తప్పు కాదు. కాని ఆధారము ఎవరి చేతిలో నున్నది? షీట్ రోల్ వారిది, ఉత్తరువు వారిది, లాంగ్ రోల్ వారిది. పెన్షను లేని సైనికుల సేవాపత్రములను 25 యేండ్లకు తగులబెట్టు నియమము వారిదే. సిపాయి యింట నున్నది ఒక్క డిశ్చార్జి పుస్తకము, అదియు చెద పురుగులకు మిగిలినంతవరకు. పుస్తకము తమ బీరువాలో పెట్టుకొని, దానిలో ఏమున్నదో ఋజువు చేయుమని బీరువా తాళము లేనివాని నడుగుట మాకు సమంజసముగ తోచుట లేదు.

కావున రికార్డు ఆఫీసులే ముందునకు రావలెనని మేము కోరుచున్నాము. స్పర్శ్‌లో ఎక్కిన హోదాను లాంగ్ రోల్‌తో తామే పోల్చి, తేడా కనిపించినచోట అర్జీ కొరకు కాచుకొనక సవరింపవలయును. తప్పు ఆఫీసుదని తేలినచోట మూడేండ్ల పరిమితిని ప్రభుత్వ న్యాయవాది కోర్టులో ఎత్తకుండునట్లు ఉత్తరువు కావలయును. కోర్టు విధించిన పరిమితి ప్రభుత్వమునకు కవచమే గాని, దానిని ధరించియే తీరవలెనను నిర్బంధము లేదు. భాష విషయమున కొత్త చట్టముతో పని లేదు. రాజ్యాంగము 350వ అధికరణము, కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కును ప్రతివానికి ఇచ్చియున్నది. పావగడ సిపాయి తెలుగులో వ్రాసిన అర్జీని ప్రయాగరాజ్‌లో త్రిప్పి పంపుటకు వీలు లేదు. ఆ హక్కును వాడుకొన్నవారు కొద్దిమందియే కావచ్చును. వాడకున్నంత మాత్రమున అది చెల్లకపోదు.

సైనికులకును వారి కుటుంబములకును ఒక మాట. నవంబరులో జీవన ధ్రువపత్రము పంపునప్పుడే డిశ్చార్జి పుస్తకమును, పెన్షను పత్రమును ప్రక్కప్రక్కన పెట్టి హోదా, గ్రూపు, సేవాకాలము, భార్య పేరు ఒక్కటిగా నున్నవేమో సరిచూచుకొనవలెను. చూచుకొనలేనివారికి ఊరిలో చదువుకొన్న పిల్లలు చదివి పెట్టవచ్చును. తేడా కనిపించినచో రికార్డు ఆఫీసునకు టపాలో వ్రాసి, రసీదును భద్రపరుపవలెను. తమ సేవాపత్రముల నకలును 2005నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో అడుగవచ్చును. మూడేండ్ల లెక్క దావా వేసిన దినమునుండి వెనుకకు నడచునుగాన, ఈ పనిని వచ్చే యేటికి వాయిదా వేసినవారు ఒక యేటి బాకీని వదలుకొన్నట్లే.