తగవు ముదిరాక వచ్చే డబ్బు

ఆళ్లగడ్డ అనగానే బయటివాళ్లకు ఫ్యాక్షనే గుర్తొస్తుంది. ఊళ్లో రెండు వర్గాలు నరుక్కున్నాక పోలీసు పికెట్ వస్తుంది, జీపులు వస్తాయి, కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి. ఆ ఖర్చు ఎందుకని ఎవరూ అడగరు. తలలు పగలకముందే ఇరుపక్షాలనూ చెట్టు కింద కూర్చోబెట్టడానికి మాత్రం పద్దు ఉండదు.

మన చెంచు గూడేల్లో తగవు కత్తితో మొదలు కాదు. తేనెకు పోయినవాణ్ణి చెక్‌పోస్టు దగ్గర ఆపడంతో మొదలవుతుంది. తాతల నాటి చేను అడవి హద్దులో ఉందనడంతో మొదలవుతుంది. ఏటా కనుమ నుంచి అహోబిలం స్వామి పారువేటకని ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి మనకు అల్లుడు. అల్లుడికి పల్లకి, అత్తింటివాళ్లకు చెక్‌పోస్టు!

2004 అక్టోబరులో హైదరాబాదులో శాంతి చర్చలు జరిగాయి. నాయకులు నల్లమల నుంచే బయటికి వచ్చారు. బల్లకు ఒక పక్క ప్రభుత్వం, మరో పక్క మావోయిస్టులు, జనశక్తి, నడుమ ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు. రెండు తుపాకుల మధ్య బతికిన చెంచు గూడేనికి వేరే కుర్చీ లేదు.

ఇప్పుడు శాంతి అంటే సదస్సు. నంద్యాలలో ఒకదానికి నేనూ పోయాను. ఫ్లెక్సీ పెద్దది, భోజనం బాగుంది, వాలీబాల్ కిట్లు పంచి ఫొటో తీసుకున్నారు. గూడెం నుంచి వచ్చిన పెద్దాయనకు మాట్లాడే వంతు రాలేదు, తిరుగు చార్జీలు మేమే వేసుకున్నాం.

నంద్యాల జిల్లా గూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు, పెసా చట్టం రాదు. అది చూపించి మీకు గ్రామసభ హక్కే లేదని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా వర్తిస్తుంది. హక్కుల దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభలోనే. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం సభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. మంచి నిబంధనే. కానీ సగం గూడెం ఒక పూట కూర్చుంటే ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఒక్క రోజుతో తేలేదీ కాదు. హద్దు నడవాలి, మ్యాపు గీయాలి, గొర్రెలు తోలుకొచ్చే పక్క ఊరివాళ్లను పిలిచి మాట్లాడాలి, ఫారెస్టువాళ్లను ఎదురుగా కూర్చోబెట్టాలి. తగవును ముందే ఆపే పని ఇదే. దీన్ని మనవాళ్లు పస్తుండి చేస్తున్నారు.

2023 నవంబరులో పీఎం జన్‌మన్ మొదలైంది. ఇళ్లు, రోడ్లు, నీళ్లు, సెల్ టవర్లు అన్నిటికీ అందులో పద్దులున్నాయి. వద్దనను. ఈ పని పేరుతో పద్దు లేదు. అడిగితే ఒకాయన అన్నాడు, డబ్బు చేతికిస్తే తాగేస్తారని. తాగేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు సార్, మిగతా ఊళ్లకు నిధులు ఆపారా? లెక్కలు కావాలంటే మా పదో తరగతి పిల్లలు బడి గోడ మీద రాస్తారు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఐటీడీఏకు పంపే తీర్మానంలో రోడ్డు, ట్యాంకు కింద ఇంకో వరుస రాయండి: హద్దు నడిచే రోజుల కూలి, ఆటో చార్జీలు, భోజనం, మ్యాపు ఖర్చు. డబ్బు గ్రామసభ ఖాతాకే రావాలని కూడా రాయండి. టీచర్లు ఆ రోజు సభలో ఉండి రాయడంలో సాయం చేయాలి. మా గూడెం తీర్మానం నేనే రాస్తున్నాను, నకలు కావాలంటే ఇస్తాను.