విలన్‌కి నఖాబ్ అక్కర్లేదు



‘లైన్ ఆఫ్ డ్యూటీ’ చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. ముజ్రిమ్ పేరు చెప్పేస్తున్నాను.

పోలీసుల్లోని అవినీతిపరులను పట్టుకునే ఏసీ-12 అనే విభాగం కథ అది. జెడ్ మెర్క్యూరియో రాసిన ఈ సీరియల్ 2012లో బీబీసీలో మొదలైంది. మూడో సీజన్ చివర్లో కాటన్ అనే దొంగ పోలీసు ప్రాణం పోతూ ‘హెచ్’ అనే ఒక్క అక్షరం అందించి పోతాడు. అతని చెయ్యి కొట్టింది మోర్స్ కోడ్‌లో నాలుగు చుక్కలని ఐదో సీజన్‌లో తేలింది. అంటే హెచ్ ఒకడు కాదు, నలుగురు. ముగ్గురి సంగతి తెలిసింది. నాలుగోవాడెవడు?

ఇక చూడండి తమాషా! ఏళ్ళ తరబడి అభిమానులు ప్రతి చూపునీ, ప్రతి మాటనీ ఆపి ఆపి వెతికారు. ఎక్కువ శక్ హేస్టింగ్స్ మీద. ఏసీ-12 పెద్ద ఆయనే. ఉత్తర ఐర్లాండ్ నుంచి వచ్చిన క్యాథలిక్. సుబూత్ ఏమిటి? పేరు హెచ్‌తో మొదలవుతుందట!

పేరే సుబూత్ అవడమంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2021 మే 2న నఖాబ్ తీశారు. నాలుగోవాడు ఇయాన్ బకెల్స్. మొదటి సీజన్ నుంచీ కళ్ళముందే ఉన్నవాడు. పని చేతకాదు, అయినా ప్రమోషన్లు వచ్చాయి. ‘డెఫినెట్లీ’ అనే మాటకి స్పెల్లింగు కూడా సరిగ్గా రానివాడు, దాంతోనే దొరికిపోయాడు. అభిమానులు మండిపడ్డారు. మా అమ్మాయి కూడా, “అబ్బా, ఇన్నాళ్ళు ఎదురుచూసింది ఈ బేకార్ మనిషి కోసమా?” అంది.

అవును బేటా, ఈ మనిషి కోసమే. నా మటుకు నాకు ఆ సీరియల్ మొత్తంలో అన్నిటికన్నా సచ్చాయీ ఉన్న మాట అదే. జుల్మ్ చెయ్యడానికి గొప్ప దిమాగ్ అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక సంతకం, చూసీ చూడనట్టుండే పైఅధికారులు చాలు.

“సీరియలే కదా భాయ్, టైమ్‌పాస్” అంటారు. సీరియల్ వరకైతే నాకూ ఏతరాజ్ లేదు. హేస్టింగ్స్ కల్పిత మనిషి, అతని ఇజ్జత్‌కేమీ కాదు. కానీ ఆ ఆదత్ టీవీతో పాటు ఆగిపోతోందా? ఇంట్లో ఉంగరం కనపడకపోతే మొదటి శక్ పనిమనిషి మీదే కదా! సూరె హుజురాత్‌లో అల్లాహ్ బద్‌గుమానీనీ, తజస్సుస్‌నీ, గీబత్‌నీ ఒకేచోట మనా చేశాడు. అవి మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవే. ముందు అనుమానం, తర్వాత కూపీ, ఆ తర్వాత దస్తర్‌ఖాన్ దగ్గర కబుర్లు.

అనుమానం ఏం చేస్తుందో హైదరాబాద్ చూసింది. 2007 మే 18, జుమ్మా రోజు, మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది మనవాళ్ళు, పోలీసులు ఎత్తుకెళ్ళిందీ మన కుర్రాళ్ళనే. తర్వాత వాళ్ళు నిర్దోషులని తేలింది. 2018లో ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న మరో ఐదుగురినీ నాంపల్లి కోర్టు వదిలేసింది. థియరీలకి కొదవ లేకపోయింది. ఆ చనిపోయినవాళ్ళ ఇళ్ళకి మాత్రం ఇన్సాఫ్ అందలేదు.

ఇంత దెబ్బ తిన్న ఖౌమ్ ఇతరులకంటే ఎక్కువగా సుబూత్ అడగాలి. కానీ మనమేం చేస్తున్నాం? ఏం జరిగినా ‘వెనకాల పెద్ద సాజిష్ ఉంది’ అని వాట్సాప్‌లో తిప్పుతాం. వక్ఫ్ జమీన్ పోతే కనపడని దుష్మన్ ఎవరా అని వెతుకుతాం. సాజిషులు లేవనను. కానీ ఎన్నోచోట్ల కారుచౌక లీజు కాగితం మీద సంతకం మన ముతవల్లిదే. జుమ్మాకి మొదటి సఫ్‌లో మన పక్కనే నిలబడతాడు, సలాం చెబితే నవ్వుతూ జవాబిస్తాడు. అతన్ని అడగడానికి మనకి మొహమాటం. కనపడని హెచ్‌ని తిట్టడమైతే ఆసాన్, ఎవరితోనూ తగువు రాదు.

బకెల్స్‌ని చూసి నిరాశపడినవాళ్ళతో నా ఝగడా ఇదే. మనకి కావాల్సింది ముజ్రిమ్ కాదు, మజా ఇచ్చే విలన్. అందుకే అసలువాడు కళ్ళముందు కూర్చుని ప్రమోషన్ మీద ప్రమోషన్ తీసుకుంటున్నాడు.

వచ్చే జుమ్మాకి నమాజ్ అయ్యాక మీ మసీదు కమిటీని ఒక్క సవాల్ అడగండి: గతేడాది హిసాబ్ ఎక్కడుంది? జవాబు రాకపోతే మళ్ళీ అడగండి. జవాబు వచ్చేదాకా ఎవరి మీదా ఇల్జామ్ వెయ్యకండి.