నీళ్ళున్నన్నాళ్ళే విడిది

నవంబరు నెల వచ్చేసరికి కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను నేల గడ్డకట్టటం మొదలవుతుంది. సరిగా ఆ రోజులలోనే అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున, కొలరాడో నదికి సుమారు ముప్ఫై కిలోమీటర్ల తూర్పున ఉన్న క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరికి వాహనాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి చేరుతూ ఉంటాయి. అవి వట్టి వాహనాలు కావు. వంటిల్లు, పడకగది, స్నానాల గది ఇముడ్చుకున్న ఇళ్ళు. వాటిని మోటార్ హోమ్‌లంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ ఊరిలో స్థిరంగా ఉండేవారు దాదాపు 2,400 మంది మాత్రమే. జనవరి నాటికి ఊరి చుట్టూ ఎడారిలో దిగినవారి సంఖ్య అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చి, ఎండలు ముదరగానే ఎగిరిపోయే పక్షులవంటివారే వీరున్నూ. అక్కడివారు వీరిని పిలిచే పేరు కూడ అదే: స్నో బర్డ్స్, అంటే మంచు పక్షులు.

వీరిలో అధికులు అరవై దాటినవారు. ఉద్యోగ విరమణ చేసి, పిల్లలు ఎవరి దారిన వారు వెళ్ళిపోగా, ఇల్లు అమ్ముకొనో, తాళం వేసుకొనో బయలుదేరినవారు. ఎడారిలో వారిని ఆకర్షించేది ఏమిటి? పగలు నులివెచ్చని ఎండ. రాత్రి చుక్కలతో నిండిన ఆకాశం. కంటికి అడ్డం రాని మైదానం. అన్నిటికన్న ముఖ్యం, అద్దె లేని నేల, లేదా స్వల్పమైన రుసుముతో దొరికే నేల.

ఆ నేల ప్రభుత్వానిది. సమాఖ్య ప్రభుత్వపు భూ నిర్వహణ శాఖ దానిని చూస్తుంది. చలికాలపు రద్దీ ఏటేటా పెరగటం చూసి ఆ శాఖ 1983లో దీర్ఘకాల విడిది క్షేత్రాలను ఏర్పరచింది. వాటిలో ఒకటైన లా పోసా క్వార్ట్‌జ్‌సైట్‌కు దక్షిణాన 11,400 ఎకరాలలో వ్యాపించి ఉన్నది. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు, రుసుము చెల్లించినవారు అక్కడ నెలల తరబడి ఉండవచ్చు. ఆ క్షేత్రానికి వెలుపల, అదే ఎడారిలో, రుసుము లేకుండానే దిగవచ్చు. కాని 28 రోజుల వ్యవధిలో 14 రోజులకు మించి ఉండరాదు. గడువు తీరిన తరువాత పాతిక మైళ్ళ అవతలికి తరలిపోవాలి.

క్షేత్రంలో గీతలు గీసిన స్థలాలు లేవు. ఎవరికి నచ్చిన చోట వారు దిగుతారు. ఐతే ఒక విడిదికీ మరొక విడిదికీ నడుమ కనీసం పదిహేను అడుగుల ఎడం ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. పాతకాలపు సంతలో బండ్లు విప్పుకొన్న రైతులవలె ఈ వృద్ధులు తమకు తామే వీధులు కల్పించుకుంటారు. సాయంత్రం మడత కుర్చీలు బయట వేసుకొని, కొత్తగా వచ్చినవారిని పలకరిస్తారు. వారి ప్రశ్నలలో మొదటిది 'ఏ ఊరు?' అనేది, రెండవది 'మీ ట్యాంకు ఎంత?' అనేది.

ఒంటె నుంచి మోటారు దాకా

క్వార్ట్‌జ్‌సైట్ శ్మశానంలో పిరమిడ్ ఆకారంలో కట్టిన ఒక స్మారకం ఉన్నది. దాని శిఖరాన రాగి రేకుతో చేసిన ఒంటె బొమ్మ నిలబడి ఉంటుంది. అది హాజీ అలీ అనే వ్యక్తిది. ఆయన పేరు పలకటం రాక అమెరికనులు 'హై జాలీ' అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఎడారి మార్గాలలో సైన్యానికి సరుకులు మోసేందుకు గుర్రాలు, కంచరగాడిదలు చాలటం లేదని అమెరికా కాంగ్రెసు 1855లో ఒంటెల కొనుగోలుకు 30,000 డాలర్లు మంజూరు చేసింది. 1856, 57 సంవత్సరాలలో డెబ్బైకి పైగా ఒంటెలు ఓడలలో టెక్సస్ తీరానికి చేరాయి. వాటిని తోలటం తెలిసినవారు అమెరికాలో లేరు గనుక ఆటోమన్ సామ్రాజ్యం నుంచి కొందరిని వెంట తెచ్చారు. హాజీ అలీ వారిలో ఒకడు. ఒంటెలు తమ పని తాము చక్కగానే చేశాయి. ఇంతలో 1861లో అంతర్యుద్ధం వచ్చింది, ప్రయోగం మూలబడింది. కొన్ని ఒంటెలను అమ్మివేశారు. కొన్ని ఎడారిలోకి పారిపోయాయి. హాజీ అలీ మాత్రం వెనుకకు వెళ్ళలేదు. గనుల కొరకు వెదుకుతూ, బరువులు మోస్తూ ఆ ఎడారిలోనే తిరిగి, 1902లో క్వార్ట్‌జ్‌సైట్‌లో కన్నుమూశాడు. 1935లో రాష్ట్ర రహదారుల శాఖ ఆ స్మారకాన్ని నిర్మించింది.

ఒంటె ఒకసారి కడుపునిండా తాగి, రోజుల తరబడి నీటి మాట ఎత్తకుండా నడవగలదు. దాని స్థానంలోకి వచ్చిన యంత్రానికి ఆ వరం లేదు. 1966లో అయోవా రాష్ట్రంలో విన్నిబాగో సంస్థ మోటార్ హోమ్‌ల తయారీకి పూనుకొన్న తరువాత అవి మధ్యతరగతి వారికీ అందుబాటులోకి రాసాగాయి. వాటిలో అన్ని వసతులు ఉన్నాయి. కాని తనతో తెచ్చుకొన్నది అయిపోతే అది వట్టి ఇనుప పెట్టె.

కొలత నేర్పే ఇల్లు

ఊరిలో ఉండే గృహస్థుకు నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, ఎక్కడికి పోతున్నదో పట్టదు. మోటార్ హోమ్‌లో ఉండేవారికి రెండూ కంటికి ఎదురుగా ఉంటాయి. వాహనం అడుగున మూడు ట్యాంకులు ఉంటాయి. ఒకదానిలో మంచినీరు, రెండవదానిలో స్నానం చేసిన, పాత్రలు కడిగిన నీరు, మూడవదానిలో మరుగుదొడ్డి నీరు. మొదటిది ఖాళీ అవుతున్నకొద్దీ తక్కినవి నిండుతూ ఉంటాయి. మొదటిది పూర్తిగా ఎండినా, తక్కిన రెంటిలో ఏది పూర్తిగా నిండినా విడిది ముగిసినట్లే.

ఒక చిన్న లెక్క చూడవచ్చు. 150 లీటర్ల మంచినీటి ట్యాంకుతో ఇద్దరు వ్యక్తులు వారం రోజులు ఎడారిలో ఉండదలచారనుకుందాం. ఎడారిలో తిరిగే మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు నాలుగు లీటర్లు, తాగేందుకు ఉండాలని అక్కడి జాతీయ వనాల అధికారులు చెబుతారు. ఆ లెక్కన ఇద్దరికి వారానికి 56 లీటర్లు పక్కన పెట్టాలి. మిగిలిన 94 లీటర్లను ఏడు రోజులకు పంచితే రోజుకు పదమూడు లీటర్ల చిల్లర. వంట, గిన్నెలు, స్నానం, మరుగుదొడ్డి, అన్నీ ఇద్దరికీ కలిపి ఆ ఒక్క బిందెడు నీటిలోనే జరగాలి. జల్లు స్నానానికి అలవాటుపడినవాడు ఊరిలో ఒక్కసారికే ఇంతకు ఎన్నో రెట్లు పారబోస్తాడు.

అందుచేత ఆ ఇళ్ళలో కొత్త అలవాట్లు పుడతాయి. ఒళ్ళు తడుపుకొని కొళాయి కట్టివేసి, సబ్బు రుద్దుకొని మళ్ళీ తిప్పుతారు. వేడినీరు వచ్చేలోపల వచ్చే చన్నీటిని గిన్నెలో పట్టి కాఫీకి వాడుకుంటారు. కంచాలను ముందు కాగితంతో తుడిచి, తరువాతనే కడుగుతారు. మురుగును ఇసుకలో వదలటం నిషిద్ధం; లా పోసాలో దానికి ఏర్పాటైన చోటికి వాహనాన్ని నడుపుకొని వెళ్ళి ఖాళీ చేసి, మంచినీరు నింపుకొని రావాలి.

విద్యుత్తుదీ అదే దారి. కప్పు మీది సౌర ఫలకాలు పగలు బ్యాటరీని నింపుతాయి. రాత్రి దానిని పొదుపుగా వాడుకోవాలి. ఫ్రిజ్ సంగతి మరీ విచిత్రం. 1922లో స్వీడన్‌కు చెందిన ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు మంట వేడితో చల్లదనం పుట్టించే యంత్రాన్ని రూపొందించారు. పాత మోటార్ హోమ్‌లలో నేటికీ అటువంటి ఫ్రిజ్‌లే, గ్యాస్ మంటమీద పనిచేస్తూ ఉంటాయి. వాహనం ఒక పక్కకు ఒరిగి నిలిస్తే దానిలోని ద్రవం సరిగా ప్రవహించదు, ఫ్రిజ్ పాడవుతుంది. కాబట్టి ఎడారిలో దిగగానే యజమాని చేసే మొదటి పని చక్రాల కింద చెక్కలు పెట్టి ఇంటిని సమతలంగా నిలపటం.

వాగులో విడిది

అందంగా కనిపించిన ప్రతి చోటూ విడిదికి తగినది కాదు. ఎడారిలో కాస్త నీడనిచ్చే చెట్లు ఎక్కువగా ఎండిన వాగుల ఒడ్డున పెరుగుతాయి. మెత్తని ఇసుక, చల్లని నీడ చూసి తెలియనివాడు అక్కడే దిగుతాడు. ఎక్కడో కొండలలో కురిసిన వాన నెత్తిన చుక్క పడకముందే వరదగా వచ్చి మీద పడవచ్చు. అరిజోనాలో 1995 నుంచి ఒక చట్టం ఉన్నది: వరద ముంచెత్తిన రోడ్డు మీద పెట్టిన అడ్డంకులను దాటి ముందుకు పోయి చిక్కుకున్న డ్రైవరు, తనను రక్షించేందుకు అయిన ఖర్చును తానే చెల్లించుకోవలసి రావచ్చు.

చలి కూడ తక్కువ శత్రువు కాదు. జనవరి రాత్రులలో ఎడారి గడ్డకట్టే స్థాయికి దిగటం కద్దు. కిటికీలు బిగించి గ్యాస్ పొయ్యి వెలిగించుకొని పడుకుంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీయగలదు. అందుకే ఆ విషవాయువును పసిగట్టి మోగే పరికరం, చలిలోనూ కొద్దిగా తెరచి ఉంచిన కిటికీ తప్పనిసరి. ఇక దారి తప్పినా, వాహనం ఇసుకలో దిగబడినా అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే: వాహనాన్ని విడిచి నడచిపోవద్దు. నీడ అక్కడే ఉన్నది. నీరు అక్కడే ఉన్నది. వెదకేవారి కంటికి మనిషికన్న ముందు ఆనేది వాహనమే.

మనిషికి ఎడారి ఎంత కఠినమో, మనిషి తాకిడికి ఎడారి అంత సుకుమారం. చిన్న చిన్న రాళ్ళు పేర్చినట్లుండే ఆ నేలపొర ఏర్పడటానికి వేల ఏళ్ళు పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942లో, జనరల్ ప్యాటన్ తన సైనికులకు ఎడారి యుద్ధం నేర్పేందుకు కాలిఫోర్నియా ఎడారిలో శిక్షణ కేంద్రం నెలకొల్పాడు. అది అరిజోనాలోకి కూడ విస్తరించి, 1944లో మూతపడింది. నాటి యుద్ధ ట్యాంకుల జాడలు కొన్నిచోట్ల నేటికీ చెరగలేదు. ఆ ప్రాంతపు సగ్వారో అనే మహా జెముడు మొలకెత్తిన ఏడెనిమిదేళ్ళకు గాని అంగుళం, అంగుళంన్నర ఎత్తు పెరగదు. కొత్త దారి తొక్కక, ఉన్న జాడలోనే చక్రం నడపమని అధికారులు పదే పదే చెప్పటానికి కారణం ఇదే.

పక్షులు కానివారు

ఇంతవరకు చెప్పినది వేడుక కొరకు వచ్చినవారి మాట. ఆ గుడారాల నడుమ వేరొక జాతి ప్రయాణికులు కూడ ఉన్నారు. వారికి ఉత్తరాన తాళం వేసిన ఇల్లు లేదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇల్లు కోల్పోయినవారు, చేతికి వచ్చే పింఛను ఇంటి అద్దెకే చాలనివారు, భర్త మరణంతోనో వ్యాధితోనో కూడబెట్టినది కరగిపోయినవారు పాత వ్యానునో మోటార్ హోమ్‌నో కొనుక్కొని దానినే ఇల్లు చేసుకున్నారు. జెస్సికా బ్రూడర్ అనే పాత్రికేయురాలు వీరి వెంట తిరిగి 2017లో నోమాడ్‌లాండ్ అనే గ్రంథం ప్రచురించింది. దాని ఆధారంగా క్లోయీ జావ్ తీసిన చిత్రానికి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ బహుమానం లభించింది. నిజంగా వాహనాలలో బ్రతికేవారే కొందరు అందులో నటించారు.

వారి ఏడాది పంచాంగమే వేరు. వేసవిలో పర్వత వనాలలో విడిది స్థలాలకు కాపలా, శుభ్రత. శరత్తులో ఉత్తర డకోటా ప్రాంతాలలో చక్కెర దుంపల కోత. పండుగ రోజులలో గిడ్డంగులలో సరుకుల పని. డెబ్బై ఏళ్ళ వయస్సులో రోజుకు పది పన్నెండు గంటలు నిలబడి చేసే పనులు ఇవి. చలికాలపు ఎడారి వారికి విలాసం కాదు, విశ్రాంతి. ఆ నేల మీద లక్షల డాలర్ల మోటార్ హోమ్ యజమానికీ, వెనుక సీటు పీకి పరుపు వేసుకున్న వ్యాను యజమానురాలికీ ఒకే ఎండ, ఒకే పదిహేను అడుగుల ఎడం, ఒకే నీటి కొళాయి. తేడా మాత్రం ఏప్రిల్‌లో బయటపడుతుంది.

ఏప్రిల్ మధ్యకు ఎండ ముదురుతుంది. తరువాత వచ్చే నెలలలో అక్కడ నలభై అయిదు డిగ్రీలు దాటటం విశేషమేమీ కాదు. ఆ రేకుల ఇళ్ళలో మనిషి నిలువలేడు. ఇల్లున్నవారు ఉత్తరానికి తిరుగుతారు. లేనివారు ఫ్లాగ్‌స్టాఫ్ వంటి, సముద్ర మట్టానికి ఏడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఊళ్ళ చుట్టుపక్కల అడవులకు ఎక్కుతారు. అక్కడ కూడ ఎన్నాళ్ళు ఉండవచ్చుననేదానికి రోజుల లెక్క ఉన్నది. దాని తరువాత మరొక అడవి, మరొక లెక్క.

బయలుదేరే ఉదయం అందరూ చేసే పని ఒకటే. చక్రాల కింది చెక్కలు తీస్తారు. విడిది చేసిన చోటంతా తిరిగి, అగ్గిపుల్ల ముక్క కూడ మిగలకుండా ఏరుతారు. మురుగు ఖాళీ చేసి, కొళాయి దగ్గర వరుసలో నిలబడతారు. ముందున్నవాడి ట్యాంకు నిండేదాకా వెనుకనున్నవాడు తొందరపెట్టడు.