రాతి దిమ్మె మీద కొయ్య ఇల్లు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ‘కట్టినదాన్ని కాపాడి చూడు’ అని ఇంకో మాట చేర్చి ఉంటే బాగుండేది.

ఈమధ్య బెంగుళూరు నుంచి వచ్చే చుట్టాలు మా గుడిబండె వైపు తోటలు కొని, అందులో చిన్న కొయ్య ఇల్లు వేసుకోవాలని ఉబలాటపడుతున్నారు. బ్యాంకు ఉద్యోగిని గదా, అప్పు సంగతి అడుగుతారనుకుంటే చెదల సంగతి అడుగుతారు! కారణం, మా తోటలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున కొయ్య గది ఒకటి ఉంది. ఎనభై దాటిన మా నాయన మధ్యాహ్నాలు అందులోనే గడుపుతారు. అందుకే దాని స్తంభాల బలం గురించి నాకు అంత పట్టింపు.

బిగించటం పెద్ద విద్యేం కాదు. అడుగు చట్రం, మూల స్తంభాలు, పై దూలాలు, గోడ పలకలు, చివరికి కప్పు. చట్రం పరిచాక రెండు కర్ణాలూ టేపుతో కొలవాలి. రెండూ సమానమైతేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే తలుపు జన్మలో పడదు. కొయ్య వానకు అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు మారదు. అందుకని పలకల మధ్య కాస్త సందు వదలాలి.

అసలు సంగతంతా పాదంలో ఉంది. మాకు తెలిసినవారు ఒకరు గట్టిగా ఉంటుందని స్తంభాలను నేలలో పాతి చుట్టూ కాంక్రీటు పోయించారు. కొయ్యకూ కాంక్రీటుకూ మధ్య నీరు దిగింది. మూడో ఏట చూస్తే పైన రంగు నిగనిగ, లోపల మట్టి!

సురసద్మగిరి కోట నీడన ఉన్న మాకు రాయికి కరువేమిటి? మా వడ్రంగి ఒక్కొక్క స్తంభం కింద అడుగున్నర ఎత్తు రాతి దిమ్మె పెట్టించాడు. రాయి నేల తేమను కొయ్యకు అందనివ్వదు. చెదలను మాత్రం అది పూర్తిగా ఆపదు సుమా! కానీ అవి పైకి రావాలంటే ఆ రాయి మీద మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి. అది మన కంటబడుతుంది. మా భాషలో చెప్పాలంటే, ప్రతి దిమ్మె ఒక ఆడిటరు!

జపాన్‌లో ఇసే ఆలయ స్తంభాలను నేలలోనే పాతుతారు. ఆ గుడిని 20 ఏళ్ళకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో. అక్కడే హోర్యూజీ ప్రధాన మందిరం స్తంభాలు రాళ్ళ మీద నిలిచి సుమారు 1300 ఏళ్ళయింది.

అంత దూరం ఎందుకు? మన పాత మిద్దెల మీద ఏటా వానలకు ముందు చవుడు వేసేవారు. నేనూ అదే అదనులో రెండు పనులు చేయిస్తాను. దిమ్మెల చుట్టూ చెత్త, మట్టి ఎత్తించి గొట్టాల కోసం వెతకటం, ఎండిన కొయ్యకు అవిసె నూనె పట్టించటం. బోరాక్స్ మందు పురుగుకు మంచిదే గాని వానకు కడుక్కుపోతుంది. బయటి కొయ్యకు దాని మీద నూనో రంగో ఉండాలి.

బ్యాంకులో మేము తరుగుదల పేరుతో ఏటా కలంతో కొంత కొట్టేస్తాం. చెదలు ఆ పని పంటితో చేస్తాయి.

కొయ్య ఇల్లు కొనేముందు ధర అడగండి, తప్పులేదు. వంగి కింద చూడటానికి చోటుందా అని కూడా అడగండి.