మోయలేని కరెంటు

బరువున్నదే గట్టిదని మనవాళ్లకొక నమ్మకం. ఇత్తడి బిందె కొనబోతే ముందు చేత్తో లేపి చూస్తారు. తాళంకప్ప కొన్నా అంతే, రోకలి కొన్నా అంతే. ఆ నమ్మకం బిందెల దగ్గర ఆగిపోతే నాకు పేచీ లేదు. అది పోయి పోయి బ్యాటరీల మీద కూర్చుంది. ఇవాళ నా తగాదా దానితోనే.

హామ్ రేడియో అంటే తెలియనివారి కోసం రెండు ముక్కలు. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకుని, సొంత రేడియోతో ఎక్కడో ఉన్న మరో మనిషితో మాట్లాడే సరదా అది. మధ్యన టవరు లేదు, కంపెనీ లేదు, నెలనెలా బిల్లు లేదు. మామూలు రోజుల్లో ఇంట్లోవాళ్లు దీన్ని చూసి ముసలాయన ఆటవస్తువు అంటారు. మా ఇంటావిడ ఇంకా కొన్ని మాటలు అంటుంది గాని అవి పత్రికలో రాసేవి కావు. టవర్లు పడిపోయిన రోజున మాత్రం కథ వేరు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు అండమాన్ వెళ్లారు. దేశదేశాల హామ్‌లతో మాట్లాడటానికని సరదాగా వెళ్లిన ప్రయాణం. 26న సునామీ వచ్చి పడింది. ఆ సరదా రేడియోలే పోర్ట్ బ్లెయిర్ నుంచి జనం క్షేమసమాచారాలు బయటికి పంపాయి.

అంత దూరం ఎందుకు? మా తెలకపల్లి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే నల్లమల అంచుకు చేరుకుంటాం. చైత్ర పౌర్ణమికి అక్కడ సలేశ్వరం జాతర. పులుల అభయారణ్యం కనుక ఏడాది పొడుగునా పోనియ్యరు. ఆ కొద్దిరోజులే దారి తెరుస్తారు. జనం వేలల్లో వస్తారు. బండ్లు ఆగేచోటు నుంచి లోయలోకి రాళ్ల దారిన కాలినడక. అడుగున జలపాతం, గుహలో లింగమయ్య. సెల్‌ఫోను తీసి చూస్తే గడియారంగా తప్ప మరెందుకూ పనికిరాదు.

కొన్నేళ్ల కిందట అక్కడికి ముగ్గురం రేడియోలు పట్టుకుని పోయాం, అడగవలసినవారిని అడిగే. పైన బండి దగ్గర ఒక సెట్టు, కింద గుండం దగ్గర ఒక సెట్టు. ఎవరైనా పడిపోతే, తప్పిపోతే, కింద నుంచి పైకి కబురు పంపాలని. చేతిలో పట్టే వాకీటాకీలు లోయలో పనిచెయ్యవు. వాటి తరంగం చూపు పోయినంత మేరకే పోతుంది, కొండ అడ్డం వస్తే అక్కడే నిలబడిపోతుంది. అందుకని 40 మీటర్ల బ్యాండు వాడాలి. తీగను రెండు చెట్ల మధ్య నేలకు దగ్గరగా కడితే తరంగం నిట్టనిలువునా ఆకాశానికి పోయి, పై పొరకు తగిలి, వానలా చుట్టూ కురుస్తుంది. లోయలో ఉన్నవాడికీ అందుతుంది, హైదరాబాదులో ఉన్నవాడికీ అందుతుంది. ఇంతవరకూ మా ఆలోచనలో లోపం లేదు.

లోపం కరెంటు దగ్గర వచ్చింది. నా మిత్రుడొకాయన, ఉద్యోగం చేసిన రోజుల్లో ఓవర్సీరు, ఇప్పటికీ అందరికీ ఓవర్సీరే. "వంద వాట్లు లేనిది రేడియోనా సారూ? దోమ పాట!" అని తీర్పు చెప్పాడు. వంద వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఊరికే వింటూ కూర్చున్నా సుమారు 1 ఆంపియరు. దానికి తగ్గట్టు కారు బ్యాటరీ తెచ్చాడు. పన్నెండు కిలోలకు తక్కువ ఉండదు. గోనెసంచిలో పెట్టి, కర్రకు తగిలించి, ఇద్దరం ఎత్తుకున్నాం. దారిలో ఒక పెద్దమ్మ చూసి, "ఏం నాయనా, దేవునికి ఇనుప లింగం తీస్కపోతున్నరా?" అని అడిగింది. నవ్వుకున్నాం.

సగం దారిలో నవ్వు ఆగింది. రాళ్ల మీద కాలు జారుతోంది. గోనెసంచి ఊగి మోకాలికి తగులుతోంది. యాసిడ్ ఒలుకుతుందేమోనని భయం. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి ఓవర్సీరే, "ఒక పని చేద్దాం. దీన్ని ఈ చెట్టు కింద పెట్టి దర్శనం చేసుకొచ్చి మళ్లీ చూద్దాం" అన్నాడు. పెట్టాం. సెట్టు మటుకు నా వీపు మీద ఉంది. బ్యాటరీ లేని రేడియోను వీపున మోసుకుంటూ లోయలోకి దిగాను. నాకంటే బుద్ధిహీనుడు ఆ రోజు జాతరలో మరొకడు ఉండి ఉండడు.

గుండం దగ్గర వరుసలో నిలబడిన ఒకామె సొమ్మసిల్లి పడిపోయింది. అరవై దాటి ఉంటాయి. కొడుకు గాభరాపడుతున్నాడు. నా వీపు మీది పెట్టె చూసి, "సారూ, మీది పోలీసు రేడియోనా? పైకి చెప్పుండ్రి సారూ" అని చేతులు పట్టుకున్నాడు. ఏమని చెప్పను? కరెంటు చెట్టు కింద ఉంది నాయనా అనా? ఒక కుర్రవాడు పైకి పరుగెత్తాడు. వాడు చేరి, బండి దగ్గర మావాడికి చెప్పి, మందుల సంచి పట్టుకుని మనిషి దిగివచ్చేసరికి గంటన్నర. ఈలోగా నలుగురు చెంచు కుర్రవాళ్లు దుప్పటితో డోలీ కట్టి ఆమెను సగం దారి మోసుకొచ్చారు. బతికింది. అందులో మా వంద వాట్ల పుణ్యం వీసమెత్తు లేదు.

అప్పటినుంచీ బ్యాటరీ బరువు నాకు సరదా విషయం కాదు.

ఇంటికొచ్చి కాగితం తీసి లెక్క వేశాను. ఈ లెక్క పోయేముందే వెయ్యాల్సింది. ఓవర్సీరును మళ్లీ మళ్లీ అడిగేది ఒక్కటే: వంద వాట్లు ఎందుకు? పది వాట్లకు వంద వాట్లు పదింతలు, నిజమే. వినేవాడి దగ్గర మాత్రం పదింతలు వినపడదు. సెట్టు మీద సూది ఉంటుంది, ఒక గీత దాటాలంటే శక్తి నాలుగింతలు కావాలి. పదింతలు పెంచితే ఆ సూది రెండు గీతలైనా దాటదు. ఆ గీతన్నర కోసం మేము పన్నెండు కిలోలు ఎత్తుకున్నాం! పది వాట్ల చిన్న సెట్టు వినేటప్పుడు అర ఆంపియరు కంటే తక్కువే అడుగుతుంది, మాట్లాడేటప్పుడు రెండు, రెండున్నర. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎనిమిది గంటలు. అందులో మనం నోరు తెరిచేది మొత్తం కలిపి అరగంట. (ఓవర్సీరైతే రెండు గంటలు.) వినడానికి నాలుగు ఆంపియర్-అవర్లు, మాట్లాడటానికి ఒకటి. అయిదుతో రోజు గడుస్తుంది. జాగ్రత్తకు ఏడు పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఏడు ఎందులో మొయ్యాలి? స్కూటరు బ్యాటరీ వంటి సీసం డబ్బా, 12 వోల్టులది, ఏడు అని రాసి ఉన్నది రెండుంబావు కిలోలు తూగుతుంది. రాసింది ఏడే అయినా సగానికి మించి తోడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి రెండు కావాలి, నాలుగున్నర కిలోలు. దాంతోనూ పేచీయే. సెట్టు 13.8 వోల్టులు కోరుతుంది, చాలా సెట్లు 11.7 దాకా ఓర్చుకుంటాయి. సీసం మొదటే పన్నెండున్నర చిల్లర. మాట్లాడటానికి మీట నొక్కగానే జారిపోతుంది, తీగ సన్నదైతే ఇంకా జారుతుంది. గొంతు కీచుగా మారి, సెట్టు ఆరిపోతుంది. సంచీలో కరెంటు సగం మిగిలే ఉంటుంది, పనికి మాత్రం రాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు అనే రకం ఉంది. నాలుగు గూళ్లు వరుసగా కలిపితే 12.8 వోల్టులు. నిండా చార్జి చేస్తే 14.6. చివరిదాకా ఇంచుమించు ఒకే మట్టాన నిలబడి, ఆఖరున ఒక్కసారిగా పడిపోతుంది. రేడియోకు కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోతుంది. ఏడు ఆంపియర్-అవర్లది కిలోకు లోపే. మామూలు లిథియం అయాన్ గూళ్లు ఇంకా తేలిక, కాని మూడు కలిపితే వోల్టు చాలదు, నాలుగు కలిపితే పదహారు దాటి సెట్టును కాల్చుకునే ప్రమాదం. డ్రోన్లలో పెట్టే మెత్తటి పొట్లాలు అన్నిటికంటే తేలికే, నలిగితే మంట. ఎండిన అడవిలోకి వేసవిలో అగ్గిపెట్టెను మోసుకుపోవడానికి నేను ఒప్పుకోను.

"ఖరీదు రెండు మూడింతలు కదా సారూ" అంటాడు ఓవర్సీరు. అవును. సీసం సగం సగం వాడుకుంటూ పోతే రెండు మూడు వందల సార్లు చార్జి అవుతుంది, ఇది రెండువేల సార్లు. వడ్డీ లెక్కలు నోటికి వేసే మనిషికి ఈ లెక్క ఎక్కకపోవడం నాకు అర్థం కాని సంగతి.

అట్లాగని తేలికదల్లా మంచిదని నేను అనను. తేలిక పేరు చెప్పి అమ్మే మోసం ఇంకా పెద్దది. ఒక దుకాణంలో "ఇరవై ఆంపియర్లది, తీస్కో సారూ" అని ఒక డబ్బా నా చేతిలో పెట్టారు. చేతికి పువ్వులా ఉంది. నాకు అనుమానం వచ్చింది. పక్కనే కిరాణాకొట్టు, వాళ్ల కాంటా మీద పెట్టించాను. కందిపప్పు కొనేవాళ్లంతా గుమిగూడారు. తొమ్మిది వందల గ్రాములు. ఈ రకం బ్యాటరీ కిలోకు ఇంచుమించు వంద, నూటఇరవై వాట్-అవర్లకు మించి ఇవ్వదు. ఇరవై ఉండాలంటే రెండు కిలోలకు పైనే తూగాలి. అంటే లోపల ఉన్నది ఏడో, ఎనిమిదో. కొట్టతను, "కంపెనీ వాడు రాసిండు సారూ, నేనేం రాయలే" అన్నాడు. బరువు చూసి కొనేవాళ్ల పక్షాన నేను నిలబడ్డ సందర్భం అదొక్కటే.

ఇంట్లో కరెంటుతో నడిపే సప్లయి పెట్టెల దగ్గరా ఇదే గొడవ. పాతకాలపు పెట్టెలో ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, ఇరవై ఆంపియర్లది ఎత్తాలంటే నడుము చూసుకోవాలి. కొత్తరకం స్విచింగు పెట్టె రెండు కిలోల లోపే. మర్మం ఏమీ లేదు. గోడలో కరెంటు క్షణానికి 50 సార్లు ఊగుతుంది, ఈ పెట్టె దాన్ని వేల సార్లు ఊగేటట్టు చేస్తుంది. ఊగుడు ఎంత వేగమైతే ట్రాన్స్‌ఫార్మరు అంత చిన్నది చాలు. చవకరకం స్విచింగు పెట్టె రేడియోలో తేనెటీగల తుట్టెలా రొద చేస్తుంది, ఒప్పుకుంటాను. కొనేముందు పక్కన చిన్న ట్రాన్సిస్టరు పెట్టి, మీడియం వేవ్ తిప్పి వినండి. రొద వస్తే దుకాణంలోనే వదిలెయ్యండి. బల్ల మీద నుంచి కదలని సెట్టుకైతే ఇనుప పెట్టె భేషుగ్గా ఉంటుంది, నిశ్శబ్దం కూడా. నా బల్ల కింద ఒకటుంది, పిల్లి దాని మీద పడుకుంటుంది. దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చినటువంటి ఉప్పెన వస్తే మాత్రం దాన్ని గుచ్చడానికి గోడలో కరెంటు ఉండదు, ఎత్తుకుని పరుగెత్తడానికి మనిషీ ఉండడు.

మరుసటేడు చైత్ర పౌర్ణమికి పది వాట్ల సెట్టు, తొమ్మిది వందల గ్రాముల బ్యాటరీ, దాని మొదట్లోనే ఒక ఫ్యూజు, ఇరవై మీటర్ల తీగ అన్నీ కలిపి ఒక బడిపిల్లవాడి సంచిలో పెట్టుకుని దిగాను. బ్యాటరీని తడిగుడ్డ చుట్టిన నీళ్లసీసా పక్కన ఉంచాను, ఎండలో మాడనియ్యకుండా. సీసం లేదు కనుక సద్దిమూటకు చోటు మిగిలింది. ఆ రోజు పైకి పంపిన కబుర్లు చెబితే మీరు నవ్వుతారు. నీళ్లు అయిపోయాయి, పంపండి. ఎర్రచొక్కా పిల్లవాడు తప్పిపోయాడు, ఏడేళ్లు. ఎర్రచొక్కా పిల్లవాడు దొరికాడు, పైనే ఐస్‌ఫ్రూట్ తింటున్నాడు, వాళ్లమ్మకు చెప్పండి. చెప్పాను. ఆ తల్లి ముందు కూలబడి ఏడ్చింది, తర్వాత కొడుకును తిట్టింది, ఆ తర్వాత నా పెట్టెకు దండం పెట్టింది. సాయంత్రానికి బ్యాటరీలో ఇంకా మూడో వంతు మిగిలే ఉంది.

ఇంత జరిగినా ఓవర్సీరు మారలేదు. వచ్చే జాతరకు వంద వాట్లు, కారు బ్యాటరీ తెస్తానని పట్టుపట్టి కూర్చున్నాడు. తెమ్మన్నాను. కర్రకు రెండో చివర పట్టే మనిషిని మాత్రం ఆయనే వెతుక్కోవాలి.