లంక నుండి సంతకు

కోనసీమను గూర్చి వ్రాసేవారు ఈ మధ్య ఒక మాటను విడువకుండా వాడుతున్నారు. అది "రెండవ కేరళ" అట! పర్యాటక ప్రకటనలలో ఈ మాట కంటబడినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. మన ఇంటి పిల్లవాడిని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు "అచ్చం పొరుగింటి అబ్బాయి వలె ఉన్నాడు" అని ఎవరైనా అంటారా? కొబ్బరి చెట్టు, కాలువ, పడవ, ఈ మూడూ రెండు చోట్లా ఉన్నవి, నిజమే. కాని కేరళలోని కాయళ్లు సముద్రాన్ని ఆనుకొని ఏర్పడిన ఉప్పునీటి మడుగులు. మన లంకలు గోదావరి చేతిపని. ఈ భేదం భూగోళ పాఠానికి మాత్రమే చెందినది కాదు. అక్కడి మనిషి బ్రతుకంతా దాని మీదనే నడుస్తున్నది.

ధవళేశ్వరానికి దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి వైనతేయ మరల చీలుతుంది. ఈ పాయల నడుమ, వరద తెచ్చిన ఒండ్రు ఏటేటా పేరుకొని పైకి తేలిన నేలకే లంక అని పేరు. తేలిన నేల తేలినట్లే ఉంటుందన్న నమ్మకం లేదు. ఒక గట్టున కోసిన మన్నును నది వేరొక గట్టున పోస్తుంది. కాని కోసుకొనిపోయినది ఒకరి చేను, పోసినది మరొకరి ఒడ్డు. రెవిన్యూ వారు లంక భూములను ఏ, బీ, సీ అని తరగతులుగా విభజించినారు. నది మాత్రం ఏ తరగతిలోనూ కుదురుగా కూర్చునే విద్యార్థి కాదు.

అటువంటి నేలను కెమెరా కంటితో చూసి రావడం సులభం. చెట్ల నీడ నీటిలో పడుతుంది, తెల్లని కొంగ ఎగురుతుంది, ఛాయాచిత్రం చక్కగా వస్తుంది. కాని లంకను చూడబోయినవాడు లంకలోనే ఆగిపోతే దానిని చూడనట్లే అని నా అభిప్రాయం. అక్కడ పండినదానితో పాటు తానూ రేవు దాటాలి. అది సంతలో దిగి, ధర పలికి, చేతులు మారేదాకా వెంట ఉండాలి. అప్పుడుగాని ఆ ఒండ్రు నేల ఎవరిని పోషిస్తున్నదో, ఎంతవరకు పోషిస్తున్నదో తెలియదు.

ఒక శీతకాలపు ఉదయం నేను అటువంటి పడవ ఎక్కినాను. ఆ రోజులలో నది సన్నబడి, లంక ఒడ్డు నుండి నీటి అంచు దాకా పెద్ద ఇసుక మేట వేసి ఉంటుంది. వంకాయల గంపలు నెత్తిన పెట్టుకొని స్త్రీలు ఆ ఇసుకలో పాదాలు కూరుకొనిపోతుండగా నడిచి వచ్చినారు. పడవవాడు లోతు తక్కువైన చోట గడ వేస్తూ, లోతైన చోట తెడ్డు అందుకొంటూ సాగుతున్నాడు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి పలకరించినది.

"ఎవరింటికండీ బాబూ?"

"ఎవరింటికీ కాదమ్మా. సంతకు."

"ఏం కొంటారండీ?"

"ఊరికే చూద్దామని."

"ఆయ్, చూసెళ్లిపోతే మా వంకాయలెవరు కొంటారండీ మరి!"

పడవలోని వారందరూ నవ్వినారు. అయితే ఆ ప్రశ్నలో ఎగతాళి కంటె న్యాయమే ఎక్కువ. చూడడానికి వచ్చేవారు పెరుగుతున్నారు. కొనడానికి వచ్చేవారి మాట వేరు.

ఆ సంతలో నేను గ్రహించిన సంగతి ఒకటి ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ నాకు ఇంత స్పష్టంగా కనబడలేదు. పొద్దున బేరం అమ్మేవారిది. పొద్దెక్కిన కొలదీ అది కొనేవారిది అవుతుంది. లంక నుండి వచ్చినవారికి తిరుగు పడవ ఉన్నది. అమ్ముడుపోని వంకాయలను మరల నెత్తికెత్తుకొని, ఇసుక దాటి, ఇంటికి మోసుకొనిపోయి వారు చేయగలిగినది ఏమీ లేదు. ఆఖరి పడవ ఎన్ని గంటలకో అమ్మే ఆమెకు తెలుసు. కొనే ఆసామికీ తెలుసు. ఆయన గంప దగ్గరకు వచ్చి, ధర అడిగి, పెదవి విరిచి, అవతలి వరుసలోకి వెళ్లి, ఒక గంట తరువాత మరల వస్తాడు. అప్పటికి ఆయన చెప్పినదే ధర. తూకంలో మోసం లేదు, మాటలో దురుసుతనం లేదు. అయినా ఆ గంపలో నాలుగవ వంతు విలువ నదికే చెల్లిపోయినది.

కనుక, వంతెనలు వచ్చి పడవలు పోతున్నవని కన్నీరు పెట్టుకొనే భావుకులతో నేను ఏకీభవించలేను. యానాం వద్ద ఎదుర్లంకను కలుపుతూ గౌతమి మీద వంతెన వచ్చినది 2002లో. ఆ ఏడే మరణించిన లోక్‌సభ స్పీకరు బాలయోగి గారి పేరు దానికి పెట్టినారు. అంతకు ముందు అక్కడ రాత్రివేళ ప్రసవ వేదన పడుతున్న స్త్రీని దాటించవలసి వస్తే పడవవాడిని నిద్ర లేపవలసినదే. రైలు సంగతి ఇంకా చిత్రం. కాకినాడ నుండి కోటిపల్లి దాకా 1928లో పట్టాలు వేసినారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వాటిని ఊడదీసి పట్టుకొనిపోయినారు. 2004లో మరల కోటిపల్లి దాకా వేసినారు. కోటిపల్లి గట్టున నిలబడి చూస్తే గౌతమికి ఆవల కోనసీమ కనబడుతూనే ఉంటుంది. కనబడినంత దగ్గరగా అది రైలుకు అందలేదు.

లంకవాసుల పాలిట పడవ విహార సాధనం కాదనడానికి ఒక్క తేదీ చాలును. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర, బడి నుండి ఇళ్లకు పోతున్న పిల్లలు ఎక్కిన నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడినది. వరద నీటిలో బాలికలు కొట్టుకొనిపోయినారు. ఆ పిల్లలు నదిని చూడడానికి పోలేదు. వారి బడి అవతలి ఒడ్డున ఉన్నది, అంతే. పట్నపు బడిలో పిల్లవాడు ఆలస్యంగా వస్తే గుమ్మం బయట నిలబెడతాము. లంక నుండి వచ్చే పిల్లవాడు ఆలస్యమైతే ముందుగా నీరు ఎంత ఉన్నదని అడగవలసిన ఉపాధ్యాయులు మనలో ఉన్నారు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటినది. 2022 జూలైలో 25 లక్షలు దాటినది. ఈ అంకెలు పత్రికలో చదివి మరచిపోతాము. లంకలో వాటి అర్థం పశువులను గట్టు మీదికి తోలుకొని రావడం, అరటి తోట నీటిలో కుళ్లిపోవడం, పుస్తకాల సంచిని అటక మీద దాచడం.

చిన్న సంతలనుండి పెద్ద మార్కెట్లకు వస్తే ఆట మారుతుంది. రావులపాలెం అరటి మార్కెట్టుకు తెల్లవారుజామున వెళ్లాలి. సైకిలుకు ఇరువైపులా గెలలు కట్టి, తాను ఎక్కకుండా నడిపించుకొని వచ్చే రైతు అక్కడ కనబడతాడు. కర్పూరం, చక్రకేళి, అమృతపాణి, బుషావళి, కూరకు బొంత, ఇలా వరుసలుగా నిలబెట్టిన గెలల మధ్య నడవడం ఒక మంచి వ్యాకరణ గ్రంథం చదివినట్లు ఉంటుంది. అన్నీ అరటే, ఏదీ మరొకటి కాదు. అంబాజీపేటలో కొబ్బరి. చెట్టెక్కి కాయ దించేవారు దింపు కార్మికులు, పీచు తీసేవారు ఒలుపు కార్మికులు. ఎండిన కురిడీలో గండేరా, గటగటా అని రకాలు. ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది. ఆ ధరను ఎక్కించేది, దించేది కోనసీమ రైతు కాదు. ఉత్తరాదిలో దసరా, దీపావళి పూజలకు ఎంత సరకు కావాలన్న ఊహ దానిని నడిపిస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో కూలిన కొబ్బరి చెట్టును మరల పెంచడానికి ఏళ్లు పట్టినవి. ధర కూలడానికి ఒక్క ఉదయం చాలును. వరి మాటకు వస్తే, 2011 ఖరీఫులో కోనసీమ రైతులు సాగునే మానుకొని పంట విరామం ప్రకటించినారు. ఇంత పచ్చని నేల మీద ఆ నిర్ణయం ఎందుకు పుట్టినదో ఛాయాచిత్రాలలో దొరకదు.

పండినచోటుకూ చేరినచోటుకూ మధ్య ఎంత దూరం ఉండగలదో చెప్పే ముచ్చట ఒకటి ఉన్నది. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలు ఒకప్పుడు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఇంగ్లీషువారు వాటిని "లంకా" అనే పేరుతోనే పిలిచినారు. 1890లో కోనన్ డోయిల్ ప్రకటించిన "ది సైన్ ఆఫ్ ఫోర్" నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదను చూసి చుట్ట రకాన్ని గుర్తుపట్టే విద్యను చెప్పుకొంటూ ఈ లంకా పేరు ఎత్తుతాడు. మన ఒడ్డు మాట ఒకటి లండను నగరపు అపరాధ పరిశోధకుని నోట బూడిదగా మిగిలినదన్నమాట! మాటల వర్తకం రెండు వైపులా సాగినది. 1847 నుండి 1852 వరకు కాటన్ దొర కట్టించినదానికి ఇంగ్లీషువారు దక్షిణాది మాటనే తీసుకొని "ఆనికట్" అన్నారు. కాలువల మీద పడవలను ఎక్కించి దించడానికి పెట్టిన "లాకు" అనే మాటను మనం వారి నుండి తీసుకొన్నాము. ఇప్పుడు ఆ కాలువలలో సరకుల పడవలు లేవు. లాకు అనే పేరు మాత్రం ఊళ్లకు అంటుకొని ఉన్నది.

ఇక ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. మన బడులు ఏటా విహారయాత్రకు అరకు వెళుతున్నవి, హైదరాబాదు వెళ్లి గోలకొండ చూసి వస్తున్నవి. వెళ్లవలసినదే. అయితే కోనసీమలోనే పుట్టి, పదవ తరగతి దాటి, లంకలో ఒక్కసారైనా అడుగు పెట్టని పిల్లలు నాకు తెలుసు. కొబ్బరి కాయ ధర వెయ్యికి చెబుతారని వినగానే వారు ఆశ్చర్యపోయినారు. ఆ ఆశ్చర్యాన్ని గణితం గంటలో వాడుకొనవచ్చును. గంప వెల ఎంత, పడవ కూలి ఎంత, పొద్దెక్కినాక పడిన ధర ఎంత, ఆ ముసలమ్మ చేతికి మిగిలినది ఎంత అన్న లెక్కకు జవాబు పుస్తకం చివర ఉండదు. భయపడే తల్లిదండ్రులకు కోపపడవద్దు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగిన సంగతి వారు మరువలేదు, మరువకూడదు. ప్రాణరక్షణ చొక్కాలు లేని పడవ ఎక్కించనక్కరలేదు. వంతెన మీదుగా చేరగల లంకలు కొన్ని ఉన్నవి, నీరు తగ్గిన రోజులలో కాలినడకన చేరగలవి మరికొన్ని.

వెళ్లేవారు కనుమ నాటికి ప్రయాణం పెట్టుకొంటే జగ్గన్న తోట ప్రభల తీర్థం కూడా చూడవచ్చును. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరుతారు. గంగలకుర్రు ప్రభలను కౌశిక నీటిలో దిగి భుజాల మీద దాటించే దృశ్యం పిల్లలు మరచిపోరు. తీర్థపు అంగళ్లలో పిల్లల చేత బేరమాడించండి, కాని మరీ గట్టిగా ఆడనీయవద్దు. లంక ప్రయాణం మాత్రం మాఘం వెళ్లకముందే ముగించాలి. ఎండ ముదిరినాక ఆ ఇసుక మేట మీద చెప్పులున్నా కాళ్లు కాలుతవి.